స్థానం, స్వరం, పేరు: గిటార్ మెట్ల పలకను నేర్పిన సాధనాల చరిత్ర

వ్యాససంగ్రహం:
గిటార్ మెట్ల పలక (ఫ్రెట్‌బోర్డు) మీద ఒకే స్వరం పలుచోట్ల పలుకుతుంది. అందువల్ల ఏ తీగపై ఏ మెట్టు వద్ద ఏ స్వరం ఉన్నదో గుర్తుంచుకోవడం అభ్యాసకులకు కష్టమైన పని. 16వ శతాబ్దపు టాబ్లేచర్ లిపి నుండి నేటి మొబైల్ యాప్‌ల వరకు ఈ అవసరం కోసం రూపొందిన సాధనాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వీటిలో కొన్ని స్వరం పేరుతో పని లేకుండా వేలికి చోటు చూపాయి. మరికొన్ని ఆ పేరునే నేర్పాయి. ఈ భేదమే వ్యాసానికి ఆధారం. పోలిక కోసం రామామాత్యుని వీణాప్రకరణాన్ని, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ శిక్షణను స్వీకరించడమైనది.

కీలకపదాలు: గిటార్, మెట్ల పలక, టాబ్లేచర్, విహ్వేలా, వీణ, స్వరజ్ఞానం, సాధన.

1. ప్రవేశిక:

హార్మోనియంలో ఒక స్థాయిలోని ఒక స్వరానికి ఒకే చోటు ఉంటుంది. గిటార్‌లో అలా కాదు. నేటి గిటార్‌కు ఆరు తీగలు. మంద్రం నుండి పైకి వాటిని ఇ, ఎ, డి, జి, బి, ఇ స్వరాలకు శ్రుతి చేస్తారు. ఒక్కో మెట్టు దాటిన కొద్దీ స్వరం అర్ధస్వరం చొప్పున పెరిగి, 12వ మెట్టు వద్ద పై స్థాయిని అందుకుంటుంది. మెట్టు నొక్కని తీగ మొదలు 11వ మెట్టు వరకు లెక్కిస్తే తీగకు 12 చొప్పున మొత్తం 72 స్థానాలు. స్వరాల పేర్లు మాత్రం 12. అంటే ప్రతి పేరుకు సరిగ్గా ఆరు స్థానాలు. 72 అనగానే మేళకర్తలు గుర్తుకు రావచ్చు కాని, ఈ సామ్యం కాకతాళీయం.

చిక్కు ఇంతటితో ఆగదు. మొదటి తీగను నొక్కకుండా మీటితే వచ్చే స్వరమే, అదే స్థాయిలో, రెండవ తీగపై 5వ మెట్టు వద్ద, మూడవ తీగపై 9వ మెట్టు వద్ద, నాలుగవ తీగపై 14వ మెట్టు వద్ద కూడా పలుకుతుంది. పక్కపక్క తీగల మధ్య దూరం అంతటా ఐదు అర్ధస్వరాలైతే, మూడవ, రెండవ తీగల మధ్య మాత్రం నాలుగే. అందువల్ల ఒక తీగల జంటపై నేర్చిన వేళ్ల అమరిక మరొక జంటపై యథాతథంగా కుదరకపోవచ్చు.

ఇదే వాద్యంలో ఒక వెసులుబాటు కూడా ఉంది. స్వరం పేరు తెలియకపోయినా, వేలు పెట్టవలసిన చోటు తెలిస్తే పాట పలుకుతుంది. ఈ వెసులుబాటును వాడుకొన్న సాధనాలు గిటార్‌ను జనానికి చేరువ చేశాయి. అయితే వాటితోనే ఆగిపోయిన అభ్యాసకుడు తాను వాయిస్తున్నదేమిటో తోటి కళాకారునికి చెప్పలేడు. పాటను మరొక శ్రుతికి మార్చవలసి వచ్చినప్పుడు తడబడతాడు.

2. చోటును రాసిన లిపి:

1507లో వెనిస్ నగరంలో ఒత్తావియానో పెత్రూచి ముద్రణాలయం నుండి ఫ్రాంచెస్కో స్పినాచీనో ల్యూట్ రచనలు వెలువడ్డాయి. వాటిని టాబ్లేచర్ అనే లిపిలో ముద్రించారు. అందులోని ఆరు గీతలు ఆరు తీగల వరుసలకు గుర్తులు. గీతపై ఉన్న అంకె నొక్కవలసిన మెట్టును, పైనున్న గుర్తులు కాలప్రమాణాన్ని తెలుపుతాయి. సున్నా ఉంటే తీగను నొక్కకుండా మీటాలి. స్పెయిన్‌లో లూయిస్ మిలాన్ 1536లో వలెన్సియాలో ప్రచురించిన 'ఎల్ మాయెస్త్రో' కూడా అంకెల లిపిలోనే ఉంది. అది గిటార్‌ను పోలిన విహ్వేలా అనే వాద్యానికి రాసిన గ్రంథం. ఇటలీ పద్ధతిలో అడుగు గీత హెచ్చు శ్రుతి తీగకు గుర్తయితే, మిలాన్ పై గీతనే ఆ తీగకు కేటాయించాడు. 1546లో సెవిల్లో వెలువడిన అలోన్సో ముదార్రా గ్రంథంలో నాలుగు వరుసల తీగలున్న గిటార్‌కు రాసిన రచనలు తొలిసారిగా అచ్చయ్యాయి.

టాబ్లేచర్ స్వరాన్ని రాయదు. చేతి పనిని రాస్తుంది. ఒకే స్వరానికి ఉన్న పలు స్థానాలలో దేనిని ఎంచుకోవాలన్న సందేహం అక్కడ తలెత్తదు. అయితే '3' అన్న అంకె ఒక్కో గీతపై ఒక్కో స్వరమవుతుంది. ఆ అంకెను చూసి వాయించిన వానికి స్వరం చెవికి అందుతుంది గాని, పేరు అందదు.

3. బెర్ముడో బొమ్మల విహ్వేలాలు:

టాబ్లేచర్ చదివేవానికి స్వరనామం అవసరం లేకపోయినా, దానిని రాసేవానికి తప్పనిసరి. ఆనాడు బృందగానాలను విహ్వేలాపై వాయించడం ఆదరణ పొందిన పద్ధతి. గాయకుల ప్రతిలో ఉన్న స్వరాలను తీగలకు, మెట్లకు మార్చాలంటే పలక మీద ఏది ఎక్కడుందో ముందుగా తెలిసి ఉండాలి. హువాన్ బెర్ముడో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1555లో ఒసూనాలో ప్రచురించిన వాద్యలక్షణ గ్రంథంలో దీనికొక ఉపాయం చూపాడు. ఒక్కో స్వరంతో మొదలయ్యే ఏడు విహ్వేలాలను ఊహించి, వాటి మెట్లపై ఉండే స్వరాలను బొమ్మలలో తెలియజేశాడు. పాట నడకకు అనువైన విహ్వేలాను మనసులో ఎంచుకొని, అందులోని స్థానాలను రాసుకోవడం అభ్యాసకుని పని.

నేటి గిటార్ పాఠ్యపుస్తకాలలో కనిపించే పలక పటం చేసే పని కూడా ఇటువంటిదే. బెర్ముడో బొమ్మ వేలిని నడిపించడానికి వేసినది కాదు. స్వరానికి, స్థానానికి ఉన్న సంబంధాన్ని ఊహలో నిలపడానికి వేసినది.

4. రామామాత్యుని వీణ - ఒక పోలిక:

బెర్ముడో గ్రంథానికి ఐదేళ్ల ముందు, 1550లో, విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో రామామాత్యుడు 'స్వరమేళకళానిధి'ని సంస్కృతంలో రచించాడు. ఈ రెండు గ్రంథాల మధ్య ప్రభావ సంబంధాన్ని సూచించడం ఇక్కడి ఉద్దేశం కాదు. మెట్లున్న వాద్యం ఎక్కడున్నా లేవనెత్తే ప్రశ్న ఒకటే అని చూపడానికే ఈ పోలిక.

శుద్ధమేళ వీణ నాలుగు తీగలను షడ్జ, పంచమ, షడ్జ, మధ్యమాలకు శ్రుతి చేసి, వాటి కింద ఆరు మెట్లను రామామాత్యుడు నిర్ణయించాడు. మెట్టు అన్ని తీగలకూ ఉమ్మడి. మొదటి మెట్టు షడ్జం తీగపై శుద్ధ రిషభాన్ని ఇస్తే, పంచమం తీగపై శుద్ధ ధైవతాన్ని ఇస్తుంది. రెండవ మెట్టు మధ్యమం తీగపై పంచమాన్ని పలికిస్తుంది. ఈ విధంగా తీగతీగకూ, మెట్టుమెట్టుకూ స్వరనామాన్ని లెక్కగట్టడమే వీణాప్రకరణంలోని ముఖ్యాంశం. అన్ని రాగాలకు ఒకే మెట్ల అమరిక ఉన్న సర్వరాగమేళ వీణను, రాగాన్ని బట్టి మెట్లను సవరించుకొనే ఏకరాగమేళ వీణను ఆయన వేరుగా పేర్కొన్నాడు.

ఐరోపాలోనూ ఆ కాలపు మెట్లు స్థిరమైనవి కావు. నరంతో చేసిన తీగను మెడ చుట్టూ కట్టి, అవసరాన్ని బట్టి జరుపుకొనేవారు. 1581లో విన్చెంజో గలిలేయి తన గ్రంథంలో 18:17 నిష్పత్తిని సూచించాడు. ప్రతి మెట్టును మిగిలిన తీగ పొడవులో 18వ వంతు దూరంలో అమర్చాలన్నది దాని సారం. 650 మిల్లీమీటర్ల తీగకు ఈ లెక్కన మొదటి మెట్టు 36.1 మి.మీ. వద్ద వస్తుంది. నేటి సమవిభాగ పద్ధతిలో అది 36.5 మి.మీ. పన్నెండవ మెట్టుకు వచ్చేసరికి తేడా పెరిగి, 325కు బదులు 322.6 మి.మీ. అవుతుంది. తేడా ఉన్నా, మెట్లన్నీ ఒకే నిష్పత్తిలో సాగడం అభ్యాసానికి ఎంతో మేలు చేసింది. ప్రతి మెట్టూ సమానమైన అర్ధస్వరమైనప్పుడు ఒక చోట నేర్చిన అమరికను అవే తీగలపై పైకీ కిందికీ జరపవచ్చు.

5. అక్షరాలు, ఆకృతులు:

ఈ జరిపే సౌలభ్యం స్వరసముదాయాల (కార్డ్‌ల) వాదనలో ఫలించింది. కాటలోనియాకు చెందిన వైద్యుడు హువాన్ కార్లెస్ అమాత్ 1596 నాటి తన చిన్న పుస్తకంలో ఐదు వరుసల గిటార్‌కు 12 మేజర్, 12 మైనర్ సముదాయాలను అంకెలతో గుర్తించి, చక్రంలో అమర్చాడు. 1606లో ఫ్లోరెన్స్‌లో జిరోలామో మోంతెసార్దో ఇదే పనికి అక్షరాలను వాడాడు. ఆ పద్ధతికి 'అల్ఫాబేతో' అని పేరు. అందులో 'ఎ' అక్షరం నేటి జి మేజర్‌ను, 'బి' అక్షరం సి మేజర్‌ను సూచిస్తాయి. అక్షరానికి స్వరంతో నిమిత్తం లేదు. అది వేళ్ల ఆకృతికి పెట్టిన గుర్తు మాత్రమే.

పాటకు తోడుగా గిటార్ మీటాలనుకొన్న సామాన్యునికి ఇది గొప్ప వరం. స్వరశాస్త్రం చదవకుండానే రెండు డజన్ల ఆకృతులతో ఎన్నో పాటలకు సహకరించవచ్చు. నేటి పాటల పుస్తకాలలోని కార్డ్ బొమ్మలు చేస్తున్నదీ ఇదే. 1674లో సరగోసాలో వెలువడిన గాస్పర్ సాన్స్ గ్రంథం ఆకృతులను, అంకెల లిపిని రెండింటినీ నేర్పింది.

6. స్టాఫ్ నొటేషన్ రాకతో వచ్చిన మార్పు:

18వ శతాబ్దం చివరికి గిటార్ ఆరు తీగలకు మారింది. అదే కాలంలో టాబ్లేచర్ వెనుకబడి, తక్కిన వాద్యాలు వాడే స్టాఫ్ నొటేషన్ గిటార్‌కూ వచ్చింది. 1799లో మాడ్రిడ్‌లో వెలువడిన ఫెదెరీకో మొరెత్తి గ్రంథం ఈ పరిణామానికి చెందినదే. దీనితో సమస్య తలకిందులైంది. లిపి స్వరాన్ని చెబుతుంది, చోటును చెప్పదు. ఆ చోటును వాదకుడే వెతుక్కోవాలి. తీగను తెలపడానికి వలయంలో అంకె, చేయి నిలిపే మెట్టును తెలపడానికి రోమన్ అంకె వంటి సంకేతాలు ఈ లోటును పూడ్చాయి.

బోధనా గ్రంథాలూ దారి మార్చుకొన్నాయి. ఫెర్నాందో సోర్ 1830 నాటి పారిస్ గ్రంథంలో మూడవ, ఆరవ స్వరాంతరాల జ్ఞానాన్ని వేళ్ల అమరికకు పునాదిగా నిలిపాడు. మత్తేయో కార్కాసి 1836 గ్రంథం అభ్యాసకుని శ్రుతిశ్రుతికీ, తరువాత పలకపై పై స్థానాలకూ నడిపిస్తుంది. 20వ శతాబ్దంలో ఆంద్రెస్ సెగోవియా 1953లో ప్రచురించిన స్వరశ్రేణులు గిటార్ విద్యార్థులకు నిత్యసాధనగా స్థిరపడ్డాయి. 1966లో విలియం లెవిట్ బర్క్లీ విద్యాలయం కోసం రచించిన పాఠాలు పలకను స్థానాలుగా విభజించి స్వరపఠనంతో ముడిపెట్టాయి. 1987లో మిక్ గుడ్రిక్ ఒకే తీగపై సాధన చేయమని సూచించారు. ఒకే తీగపై ఆకృతులు సహాయపడవు. ఇ-ఎఫ్, బి-సి స్వరాల మధ్య ఒక్క మెట్టే దూరమనీ, తక్కిన సహజ స్వరాల మధ్య రెండనీ కంటికీ చేతికీ అక్కడ స్పష్టమవుతుంది.

7. చెవి ముందు, చోటు తరువాత:

దక్షిణాది సంప్రదాయం ఈ సమస్యను మరొక వైపు నుండి ఎదుర్కొంది. వీణ విద్యార్థి సరళీ స్వరాలను నోటితో పలుకుతూ మీటుతాడు. పేరు, ధ్వని, స్థానం మూడూ ఒకేసారి అలవడతాయి. పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ శిక్షణ దీనికి విశిష్ట ఉదాహరణ. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాదకులు కారు. గురువు పాడి వినిపించగా, శిష్యుడు దానిని మెట్లపై పలికించేవారు. వేలు పెట్టే చోటు చూపే గురువు లేని ఆ స్థితిలో, స్వరజ్ఞానమే స్థానాన్ని వెతికి పెట్టింది.

అయితే ఈ పద్ధతిని గిటార్‌కు అన్వయించేటప్పుడు ఒక భేదాన్ని గమనించాలి. మన షడ్జం సాపేక్షం. శ్రుతి ఏదైనా సారణి తీగ షడ్జమే, దానిపై 7వ మెట్టు పంచమమే. పాశ్చాత్య స్వరనామాలు స్థిరమైనవి. గిటార్‌పై అదే 7వ మెట్టు ఆరవ తీగపై బి, ఐదవ తీగపై ఇ, మూడవ తీగపై డి అవుతుంది. కాబట్టి సరిగమల జ్ఞానం చెవిని సిద్ధం చేస్తుంది. స్థిరనామాలను మాత్రం వేరుగా సాధించవలసిందే.

8. నేటి సాధనాల పరిశీలన:

నేటి సాధనాలను ఈ చరిత్ర వెలుగులో రెండు తెగలుగా గుర్తించవచ్చు. పలకపై అంటించే స్వరాల స్టిక్కర్లు, తెరపై వెలిగే చుక్కలు మొదటి తెగ. కంటి ముందు పేరు ఉన్నంతసేపు మనసు దానిని వెతకదు కనుక, ఇవి టాబ్లేచర్ వారసత్వానికి చెందినవి. 'మూడవ తీగ, ఏడవ మెట్టు ఏ స్వరం?' అని అడిగి, జవాబు వచ్చాకే సరిచూపే యాప్‌లు రెండవ తెగ. ఇవి బెర్ముడో బొమ్మకు దగ్గర.

రెండవ తెగలోనూ ప్రశ్న ఏ దిశలో ఉన్నదన్నది ముఖ్యం. స్థానం చూపి పేరు అడగడం కొంత సులభం. వాద్య సమయంలో కావలసింది దీనికి విపర్యయం: పేరు విని స్థానాన్ని అందుకోవడం. ఉదాహరణకు ఎఫ్ స్వరాన్ని ఆరవ తీగపై 1, ఐదవ తీగపై 8, నాలుగవ తీగపై 3, మూడవ తీగపై 10, రెండవ తీగపై 6, మొదటి తీగపై 1 మెట్ల వద్ద, పేరు పలుకుతూ, మెట్రోనోమ్ దెబ్బకు ఒకటిగా మీటడం ప్రసిద్ధమైన సాధన. ఈ సాధనలో దెబ్బ నుండి దెబ్బ వరకు మెట్లు లెక్కపెట్టే వ్యవధి ఉండదు. పేరు తెలిసినదా, లెక్కతో తెలుసుకొన్నదా అన్నది అక్కడ తేలిపోతుంది.

9. ముగింపు:

• గిటార్ పలకపై స్వరాలను గుర్తించడంలోని కష్టానికి మూలం వాద్య నిర్మాణమే. ప్రతి పేరుకు ఆరు స్థానాలు ఉండటం, తీగల మధ్య దూరం ఒకచోట మారడం దానికి కారణాలు.
• టాబ్లేచర్, అల్ఫాబేతో స్వరనామాన్ని తప్పించి వాద్యాన్ని సామాన్యునికి అందించాయి. ఆ మేలును తక్కువ చేయలేము.
• పలుస్వరాల గానాన్ని తీగలకు మార్చవలసి వచ్చినప్పుడు, స్టాఫ్ నొటేషన్ చదవవలసి వచ్చినప్పుడు స్వరనామం అనివార్యమైంది. బెర్ముడో బొమ్మలు, సోర్ నుండి లెవిట్ వరకు వచ్చిన పాఠాలు ఈ అవసరం నుండే పుట్టాయి.
• సాధనం విలువ అది ఎంత చూపుతుందన్న దానిపై కాక, దానిని పక్కన పెట్టిన తరువాత అభ్యాసకునిలో ఎంత మిగులుతుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. గురువు పాడిన స్వరాన్ని మెట్లపై వెతికి పట్టుకొన్న పాలకొల్లు బాలుని శిక్షణ ఈ మాటకు నిదర్శనం.