అమ్మకపుటిల్లు: నాటి ఆచారము, నేటి ధర్మము

ఇల్లు అమ్మదలచిన గృహస్థు మొట్టమొదట పిలుచునది సున్నము వేయువానిని. గోడలకు తెల్లసున్నము, అడుగున జాజుపట్టె, తలుపులకు రంగు, గడపకు పసుపు. ఇవి ముగిసిన పిమ్మటనే బేరమునకు మనుష్యులను రానిచ్చుట మనలో చిరకాలపు వాడుక. ఇందు తప్పు లేదు. సంతకు తోలుకొనిపోవు ఎద్దును కడిగి కొమ్ములకు రంగు వేసినట్లే, అమ్మకపుటింటిని శుభ్రపరచుట కొనువానియెడ మర్యాదయు అగును. అయితే అలంకరించుట ఎక్కడ ముగియును, మరుగుపరచుట ఎక్కడ మొదలగును అను ప్రశ్న చాల పాతది. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున నేడది అత్యవసరమైన ప్రశ్నయు అయినది. కావున దాని చరిత్రను కొంత పరిశీలింతము.

కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున వాస్తు విక్రయమును గూర్చి చెప్పబడినది. ఇల్లు, పొలము, తోట, చెరువు అన్నియు అచ్చట వాస్తువులే. వానిని కొనుటకు జ్ఞాతులకు, పొరుగువారికి, ఋణమిచ్చినవారికి వరుసగా మొదటి అవకాశము కలదు. 40 కుటుంబముల పొరుగువారి యెదుట, ఆ యింటి ముంగిటనే అమ్మకమును చాటవలెను. హద్దులను ఉన్నవి ఉన్నట్లు చెప్పవలెను. ధరను ముమ్మారు ప్రకటింపవలెను. ఇందలి మేలు మాకిట్లు తోచుచున్నది: క్రొత్త సున్నము పరాయివానిని భ్రమింపజేయవచ్చును గాని, ఆ కప్పు ఏ మూల కారునో ఏండ్ల తరబడి చూచిన ఇరుగుపొరుగువారిని భ్రమింపజేయజాలదు గదా!

మన శాసనములలోను, పాత క్రయపత్రములలోను మరియొక ఏర్పాటు కనబడును. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను అష్టభోగములతో ఆస్తిని ఇచ్చితిమని వ్రాయుట సంప్రదాయము. వీనిలో మూడవది జలము. భూమిని అమ్మువాడు దాని క్రింది నీటిని సైతము అమ్ముచున్నాడని మన పూర్వులు స్పష్టముగా గుర్తించిరన్నమాట. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

పటాన్‌చెరు నిన్న మొన్నటి ఊరు కాదు. కల్యాణి చాళుక్యుల నాటి పొట్టలకెరె ఇదియేయని చరిత్రకారులు గుర్తించిరి. ఈ ప్రాంతపు పాత ఇండ్లు మట్టిగోడలు, చౌడుమట్టి పరచిన మిద్దెలు, నడుమ వాకిలి గలవి. వానిని అమ్మకమునకు సిద్ధపరచుట యనగా మిద్దెపై క్రొత్త చౌడు పరచుట, నెరియలు పూడ్చుట, బావి పూడిక తీయుట. కొనువాడు సాధారణముగా ఎరిగినవాడే. బావి నీటి రుచియు వానికి తెలిసినదే.

1960 దశకమున రామచంద్రపురములో భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము వెలసెను. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ ఏర్పడెను. పిదప మందులు, రసాయనముల కర్మాగారములు బారులు తీరెను. నలుదిక్కులనుండి ఉద్యోగులు, కార్మికులు వచ్చి ఇండ్లు కొనుచుండిరి. బయానా ఇచ్చువానికి వీధిలో ఎరిగినవారొక్కరును లేరు. 40 కుటుంబముల సాక్ష్యము స్థానమున మిగిలినది చట్టమొక్కటియే. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము, సాధారణ జాగ్రత్తతో కొనువాడు కనిపెట్టజాలని ముఖ్య లోపము అమ్మువానికి తెలిసియున్నచో, వేరు ఒప్పందము లేనంతవరకు, దానిని చెప్పి తీరవలెను. చెప్పక దాచుటను ఆ చట్టము మోసముగానే పరిగణించును.

ఇచ్చటి జలము అట్టి కంటికి కానరాని లోపములకు ఉదాహరణమైనది. నక్కవాగు పరిసరముల కాలుష్యముపై 1990లోనే వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు వెళ్లెను. పటాన్‌చెరు సమీపమున మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఆ మందు వాడు రోగి రక్తములో ఉండు మోతాదు కంటె ఇది అధికము. పరిసరములందలి ఆరు గ్రామముల బావులలో పరీక్షించిన నీటియందును మందుల శేషములు కలవని 2009 నాటి పరిశోధన తెలిపెను. ఈ ప్రాంతమున ప్రతి ఇంటి నీరును అట్టిదేయని మేము చెప్పుటలేదు. తేటగా ఉన్నంత మాత్రమున మంచి నీరని నమ్మరాదనియే మా మనవి. పిల్లలకు స్నానము, పాత్రల శుభ్రత, పెరటి కూర మడి, ఇవన్నియు ఆ బోరు నీటిపైననే ఆధారపడియుండవచ్చును.

కావున నేడు ఇల్లు అమ్మదలచినవారు సున్నము వేయింతురు గాక, ముంగిట ముగ్గు పెట్టింతురు గాక. తడి ఊరు గోడకు మాత్రము రంగు పూయుటకు ముందు తడి వచ్చు త్రోవను మూయింపవలెను. నీళ్లతొట్టి కడిగించి, బోరు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ పత్రమును దస్తావేజులతోపాటు కొనువాని చేతికీయవలెను. ఏయే పదార్థములకు పరీక్ష జరిగెనో అందు చూచుకొనవలెను. సామాన్య పరీక్షలు మందుల శేషములను పట్టవు. కొనువారును ఒకసారి వాన వెలిసిన మరునాడు వచ్చి మిద్దెను, గోడల అడుగును చూడవలెను. ఇరుగుపొరుగువారిని పలుకరించి ఆ వీధి నీటిని గూర్చి అడుగవలెను. నాడు 40 కుటుంబములవారు పలికిన సాక్ష్యములో కొంతయైనను నేడు ఆ వీధి అరుగులమీద దొరకకపోదు.