చేవ్రాత నుండి అచ్చునకు: గాల్వే సీమలో ఒక లిపి చరిత్ర

అచ్చుయంత్రము వెలసిన పిమ్మట చేవ్రాతకు కాలము చెల్లినదని పలువురు తలతురు గాని, లోకమున చిరకాలము మన్నన పొందిన ముద్రాక్షరములలో పెక్కింటికి మాతృక ఎవరో ఒక లేఖకుని హస్తమే. ఒక మనుజుడు ఏండ్ల తరబడి అభ్యసించిన కలపు వంపు, సీసపు పోతలో నిలిచి వేలకొలది పుటలపై పునరావృతమగునప్పుడు, అది అతని వ్యక్తిత్వముతోపాటు అతని జాతి స్వరూపమును గూడ వహించును. ఐర్లండు పశ్చిమతీరమందలి గాల్వే సీమ చరిత్ర దీనికి గొప్ప సాక్ష్యము.

ఐరిష్ భాషకు మొదట ముద్రాక్షరములు చేయించినది ఆంగ్లేయుల రాణి ఎలిజబెత్తు. ఐర్లండు ప్రజలను ప్రొటెస్టెంటు మతమునకు త్రిప్పదలచి, క్రొత్త నిబంధనను వారి భాషలో అచ్చొత్తించుటకై ఆమె 66 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు వెచ్చించెను. ఆ అక్షరములతో 1571లో డబ్లిన్ నగరమున షాన్ ఓ కెర్నీ రచించిన మతబోధక గ్రంథము వెలువడెను. అయితే ఆ అచ్చులో కొన్ని అక్షరములు మాత్రమే ఐరిష్ రూపమును దాల్చినవి. తక్కినవి రోమన్ లిపినుండి ఎరవు తెచ్చినవి. మనవారు తాళపత్రములపై వలె, తరతరములుగా చర్మపత్రములపై తమ లిపిని చదువుకొన్న వారి కన్నులకు ఆ పుట సగము తమదిగను, సగము పరాయిదిగను తోచియుండుట సహజము.

ఆ క్రొత్త నిబంధన అనువాదమున పాల్గొన్న నెహమయా డొనెలన్ గాల్వే సీమవాడు, ఆ సీమలోని ట్యూమ్ పీఠమునకు ప్రొటెస్టెంటు ఆర్చిబిషప్పు. 1602 సంవత్సరమును ముఖపత్రమున ధరించి వెలువడిన ఆ గ్రంథమును పూర్తిచేసిన విలియం డేనియల్, 1609లో అదే పీఠము నధిష్ఠించెను. విచిత్రమేమనగా, అదే 1609లో రోమునుండి పోపు ఆ ట్యూమ్ పీఠమునకే కాథలిక్ ఆర్చిబిషప్పుగా ఫ్లోరెన్స్ కాన్రీని నియమించెను. ప్రవాసియైన కాన్రీ తన పీఠమును చేరజాలక విదేశములందే జీవితము గడపెను గాని, 1607లో స్పెయిన్ రాజు ప్రాపున లూవెయిన్ నగరమున అతడు స్థాపించిన సెయింట్ ఆంటొనీ మఠమునుండియే ఐరిష్ అచ్చుకు రెండవ జన్మ లభించినది.

ఆ మఠవాసియైన బొనవెంచర్ ఓ హసీ, సన్న్యసింపక పూర్వము వంశకవుల సంప్రదాయమున శిక్షణ పొందిన కవి. 1611లో ఆంట్‌వెర్ప్‌లో ముద్రితమైన అతని క్రైస్తవధర్మ గ్రంథము కొఱకు చెక్కించిన అక్షరములకు అతని చేవ్రాతయే మాతృకయని పలువురు చెప్పుదురు. ఉక్కు కడ్డీ కొనపై అక్షరమును తిరుగబడినట్లు చెక్కి, రాగిపై మోది, ఏర్పడిన గుంటలో కరిగిన లోహమును పోయు కమ్మటీని ముందు, ఈ పర్యాయము రాజశాసనమునకు బదులు లేఖకుని పుట నిలిచినది. ఆదినుండి అంతము వఱకు చేవ్రాత వంపునే అనుసరించిన ఆ అక్షరములు, రహస్యముగా సముద్రము దాటి స్వదేశము చేరినప్పుడు, చదువరికి చిరపరిచితములై తోచినవి.

ఇంతలో గాల్వే పట్టణమున కలము మాత్రము ఆగలేదు. యుద్ధమును, మహామారియు ఆ పురమును చుట్టుముట్టిన దినములలో, స్లైగో సీమనుండి వచ్చిన డుయాల్డ్ మాక్‌ఫర్బిస్ అను వంశపారంపర్య చరిత్రకారుడు, సెయింట్ నికొలాస్ కళాశాల గృహమున కూర్చుండి ఐరిష్ వంశావళుల మహాగ్రంథమును కూర్చి 1650లో దానికి రూపమిచ్చెను. నగరము 1652లో ఆంగ్లేయ సేనాని క్రామ్‌వెల్ పక్షము వారికి లొంగిపోయినను గ్రంథము నిలిచినది. పండితుడగు నొలగ్ ఓ మురాయిలె సంపాదకత్వమున 2003లో 5 సంపుటములుగా వెలువడినది.

పందొమ్మిదవ శతాబ్దిలో చిత్రకారుడును పురాతత్త్వజ్ఞుడును నగు జార్జి పెట్రీ, ప్రాచీన ప్రతుల గుండ్రని అక్షరములను చూచి క్రొత్త అచ్చును రూపించెను. అయితే 1960ల దశకమున ఐర్లండు పాఠశాలలు రోమన్ లిపికి మరలినవి; హల్లు తలపై నిలిచిన చుక్కకు బదులు పక్కన ‘హెచ్’ అక్షరము చేరినది. అయినను అంగడి నామఫలకములందును, సమాధిశిలలందును పాత వంపులు నేటికిని కనుపట్టుచునే యున్నవి.

మన తెలుగక్షరమైతే అచ్చున పరదేశమునే మొదట చూచినది. 18వ శతాబ్దిలో బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలె నగరమున తెలుగు పుస్తకములు అచ్చొత్తించెను. పిదప రెండు శతాబ్దములు గడచిన మీదట, చిత్రకారుడు బాపు చేతి వ్రాత ముద్రాక్షరమై శుభలేఖలపై వెలసినప్పుడు, చదువరి పేరు చూడకయే ఆ హస్తమును గుర్తింప గలిగెను. రాణి ధనము అక్షరములకు లోహమునిచ్చినది. ముఖము నిచ్చినది ఓ హసీ వంటి లేఖకుల హస్తము. కావున తనదైన అక్షరమును రూపింపగోరు యువశిల్పి, యంత్రమును చేరుటకు ముందు తన పూర్వుల వ్రాతప్రతులను చేతితో తిరిగి వ్రాసి, ఆ వంపు తన వ్రేళ్ళకు స్వభావమగు వఱకు సాధన చేయవలెను. అట్టి సాధననుండి పుట్టిన అక్షరమే అతనిదియు, అతని వారిదియు నగును.