సమాహ్వయమునఁ గూటకర్మము

ప్రాణములేని సాధనములతో నాడునది ద్యూతమనియు, ప్రాణులపైఁ బణమొడ్డి యాడునది సమాహ్వయమనియు మనుస్మృతి నవమాధ్యాయమున విభాగము చేయఁబడినది. ఆఙ్‌పూర్వకమగు హ్వేఞ్ ధాతువునకు స్పర్ధార్థమున నాత్మనేపదమును పాణిని విధించెను గావున, పోటీకిఁ బిలుచుట యను నర్థ మీ పదమునందు స్పష్టము. కోడిపందెమును గుఱ్ఱపుపందెమును నిందుఁ జేరును. పత్తికొండ మొదలగు మెట్టసీమల తిరునాళ్లలో ఎద్దులచే బండలాగించు పోటీ, చూపరులు ధనమొడ్డనంతవఱకు సమాహ్వయము కాదు, ఒడ్డిరేని యగును.

మనువు రెంటిని నిషేధింపు మనెను. కౌటిల్యుఁడు లోకమెఱిఁగినవాఁడు. అర్థశాస్త్రము మూఁడవ యధికరణము చివర నతఁడు జూదమును ఏకముఖము, అనఁగా నధ్యక్షుని కన్నుల యెదుట నొక్కచోటనే, జరుపవలయు ననియు, వేఱుచోట నాడువానికిఁ బండ్రెండు పణములు దండమనియు విధించెను. గెలుపులో నూటికైదు అధ్యక్షుని భాగము. కూటకర్మము చేసినవానికిఁ బ్రథమసాహసదండము; గెలిచిన ధనమును మరలఁ గైకొనుట; వంచన యున్నచో దొంగతనపు దండము సైతము. సమాహ్వయమునకును నిదియే విధి. అయితే విద్యాశిల్పముల పోటీని మాత్రము మినహాయించెను. కపటపాచికలు వేయువారికి గుఱుతు వేసి వెడలఁగొట్టు మని యాజ్ఞవల్క్యుఁడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుఁడు రచించిన మితాక్షర ననుసరించి 13వ శతాబ్దమునఁ గేతన విజ్ఞానేశ్వరీయమును రచించుటచే నీ వ్యవహారధర్మము తెనుఁగువారికిఁ దమ భాషలోనే లభించినది.

ఏకముఖ మేల యనుటకుఁ బల్నాటికథయే సాక్షి. కోడిపోరున నోడినవారు ఏడేండ్లు రాజ్యము విడువవలసెను. నాయకురాలు కపటమునఁ గెలిచెనని యభియోగము. దానిని విచారింపఁదగిన నలగామరాజు పందెమున లాభమొందువాఁడే!

తెలుఁగునాట గుఱ్ఱపుపందెములకుఁ బ్రసిద్ధస్థానము మలకుపేట. మీర్ మహబూబు అలీఖాను 1886లో మౌలాలి నుండి యచ్చటికిఁ బందెములను మార్పించెను. పత్తికొండకును హైదరాబాదునకును సమముగా వర్తించిన 1974 నాఁటి ఆంధ్రప్రదేశ్ జూదచట్టము, పందెపు దినముననే, అనుజ్ఞ పొందిన యావరణలోనే గుఱ్ఱములపై ధనమొడ్డుటను నేరముగాఁ దలఁపలేదు. ఇది యేకముఖమే. 1996లో సుప్రీముకోర్టు మదరాసు వ్యాజ్యమున, గుఱ్ఱపుపందెము ప్రధానముగా నైపుణ్యక్రీడ యని తీర్పుచెప్పెను. గుఱ్ఱము వంశమును, పూర్వపు పరుగులను, రౌతు సామర్థ్యమును పరిశీలించి ధనమొడ్డువాఁడు గ్రుడ్డిగాఁ బాచికలు వేయువాఁడు కాఁడని తాత్పర్యము. కౌటిల్యుని మినహాయింపు మరల వచ్చినట్లున్నది. అయినను ఎద్దు మూఁపురమును గిట్టను జూచి దాని బలము చెప్పఁగల పత్తికొండ రైతుది నైపుణ్యము కాదా? అతఁడు తిరునాళ్లలో ధనమొడ్డినచో నీ యావరణపు మినహాయింపు అతనికి లేదు. భేదము నైపుణ్యమునఁ గాదు, అధ్యక్షత యందున్నది.

కావుననే అధ్యక్షుని నిజాయితీయే యీ మినహాయింపునకు మూలాధారము. రౌతు కళ్లెము బిగఁబట్టి గెలువఁదగిన గుఱ్ఱమును వెనుకకు లాగినను, మందు పెట్టినను, వంశమెఱిఁగినవాని పరిజ్ఞానమంతయు వ్యర్థము. పందెము మరల వట్టి ద్యూతమగును. ఇందుకే స్టివార్డులు పరుగు చిత్రములను మరల మరలఁ జూతురు, గుఱ్ఱముల మూత్రమును బరీక్షింపింతురు, దోషియగు రౌతును గొంతకాలము స్వారి మాన్పింతురు. కాని ఫలితము నిశ్చితమని ప్రకటింపఁబడి ధనము పంచఁబడిన పిదప, ఔషధదోషము బయటఁబడి గుఱ్ఱము స్థానము పోఁగొట్టుకొన్నను, పందెపు లెక్కలు సామాన్యముగా మారవు. యజమాని బహుమానము పోవును. ఓడినవాని సొమ్ము తిరిగిరాదు. గెలిచిన ధనమును మరలఁ గైకొను మన్న కౌటిల్యుని విధి నేఁటి యేర్పాటులో యజమాని వఱకే వచ్చి నిలిచినది.