నీళ్ళకి ఓపికెక్కువ

రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నీటి ధర్మాలు రాయమంటే మనందరం పరీక్షల్లో రాసిన సమాధానం ఇదే. రెండు మార్కులు వచ్చేవి కూడా. కానీ చిత్తూరు జిల్లా చరిత్ర అర్థం కావాలంటే ఈ మూడూ పనికిరావు. ఇంకో మూడు కావాలి: నీటికి బరువుంది, నీరు దేన్నైనా తనతో కొంచెం తీసుకుపోతుంది, దానికి తొందర లేదు.

ముందు బరువు సంగతి. ఒక ఘనపు మీటరు నీళ్ళు వెయ్యి కిలోలు, అంటే ఒక టన్ను. చెరువులో పది మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీదా పది టన్నుల ఒత్తిడి ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఈ ఒత్తిడికి చెరువు ఎంత వెడల్పన్నది అనవసరం. పది మీటర్ల బావి అడుగునా, పది మీటర్ల చెరువు అడుగునా ఒత్తిడి ఒకటే. లోతే లెక్క. అందుకే మన చెరువు కట్టలన్నీ పైన సన్నగా, కింద బాగా వెడల్పుగా ఉంటాయి. ఏ ఇంజనీరింగ్ కాలేజీకీ వెళ్ళని ఒడ్డెవాళ్ళు వందల ఏళ్ళు అలాగే కట్టారు.

ఇక రెండోది. మట్టికట్ట ఎంత బాగా కట్టినా కాస్త ఊట ఉంటుంది. ఆ ఊట తేటగా ఉన్నంతకాలం పెద్ద భయం లేదు. బురదగా వచ్చిందంటే మాత్రం నీరు కట్టలోని మట్టిరేణువుల్ని మోసుకొస్తోందన్న మాట. రేణువులు పోతే దారి పెద్దదవుతుంది, దారి పెద్దదైతే నీటి వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ఇంకా ఎక్కువ మట్టి పోతుంది. మా సాఫ్టువేరు భాషలో మెమరీ లీక్ లాంటిది. చాలాకాలం ఎవరికీ కనపడదు, కనపడే సరికి సిస్టమ్ కూలడానికి సిద్ధంగా ఉంటుంది. ఎలుక కలుగు, ఎండ్రకాయ బొరియ, ఎండిపోయిన చెట్టు వేరు - మొదలవడానికి ఏదో ఒకటి చాలు.

ఈ సంగతి మనవాళ్ళకి తెలియదనుకుంటే పొరపాటే. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించి వేయించినది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వరసగా చెప్పారు. జలశాస్త్రం తెలిసిన మనిషి ఉండడం కూడా ఆ పన్నెండిట్లో ఒకటి! దోషాల్లో మొట్టమొదటిది ఏమిటనుకుంటున్నారు? కట్టలోంచి నీరు కారడం.

సరే, కట్టేశారు. తర్వాత? ఎందుకంటే నీటి మూడో ధర్మం ఓపిక. ఒక్క సంవత్సరం చూడకుండా వదిలేస్తే అదే దారి వెతుక్కుంటుంది. కాబట్టి అసలు ప్రశ్న చెరువు ఎవరు కట్టారన్నది కాదు, ఏటేటా దాన్ని చూసుకోడానికి డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందన్నది.

దీనికి తిరుమల శాసనాల్లో చక్కటి జవాబు దొరుకుతుంది. విజయనగర కాలంలో భక్తులు స్వామివారి భండారానికి సొమ్ము ఇచ్చేవారు. దేవస్థానం ఆ సొమ్ముతో తన గ్రామాల్లో చెరువులు, కాలవలు తవ్వించేది. పెరిగిన పంటలోంచి దాత పేరు మీద స్వామికి నైవేద్యం జరిగేది, ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకి వచ్చేది. బర్టన్ స్టెయిన్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1960లో దీని మీద పెద్ద వ్యాసమే రాశాడు. కట్ట తెగితే పంట లేదు, పంట లేకపోతే నైవేద్యం లేదు. చెరువు బాగుండడం అందరికీ అవసరమైంది. దశబంధం ఇనాములు కూడా ఉండేవి. చెరువు కట్టి, మరమ్మత్తులు చేసే వారికి ఆ చెరువు కిందే భూమి ఇచ్చేవారు. అంటే మెయింటెనెన్స్ బడ్జెట్ చెరువులోనే ఉందన్న మాట.

తెల్లవాళ్ళ హయాం వచ్చేసరికి ఈ అల్లిక సడలిపోయింది. కట్టకి ప్రమాదం వస్తే ఊరివాళ్ళు వచ్చి పని చెయ్యాల్సిందేనని మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1858లో చట్టమే చెయ్యాల్సి వచ్చింది. ఒకప్పుడు సొంత లాభం కోసం చేసిన పనికి చట్టం కావలసి వచ్చిందంటేనే ఏదో పోయిందని అర్థం.

ఇప్పుడు 2021కి వద్దాం. ఆ నవంబరులో తిరుపతి చుట్టుపక్కల కుండపోత వానలు. రామచంద్రాపురం మండలంలో రాయల కాలం నాటిదని చెప్పుకునే రాయలచెరువు నిండి, కట్టలోంచి నీరు కారడం మొదలైంది. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన మొదటి దోషం, ఆరువందల యాభై ఏళ్ళ తర్వాత! కింది పల్లెల్ని ఖాళీ చేయించారు, ఇసక బస్తాలు, మట్టి వేసి ఆపారు. కట్ట నిలబడింది.

అదే వారంలో, నవంబరు 19న, కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట నిలబడలేదు. ఊళ్ళు కొట్టుకుపోయాయి, ఎన్నో ప్రాణాలు పోయాయి. ఐదు గేట్లలో ఒకటి పనిచెయ్యలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలో చెప్పారు. వందల ఏళ్ళ పాత చెరువు కాదది, మన కాలంలో కట్టినది.

ఇంకో మాట. చెరువులు పూడిపోతే బోర్లు లోతుకి పోతాయి. లోతున రాళ్ళ మధ్య నీరు ఎక్కువకాలం నిలిచి వాటిలోని లవణాల్ని కరిగించుకుంటుంది. కొన్నిచోట్ల ఫ్లోరైడ్ కూడా. దేశంలో ఫ్లోరోసిస్ జబ్బుని మొట్టమొదట గుర్తించి ప్రకటించింది 1937లో, మన పక్కనే అప్పటి నెల్లూరు జిల్లాలో. పైన నిలబెట్టుకోలేని నీటి కోసం కిందకి పోతే, అక్కడ నీరు వేరే లెక్క చెబుతుంది.

కొత్త ప్రాజెక్టుకి శంకుస్థాపన చేస్తే ఫోటో వస్తుంది. కట్ట మీద కలుగు పూడిస్తే ఎవరికీ ఫోటో రాదు. మన పెద్దవాళ్ళు ఆ కలుగు పూడ్చడానికి నైవేద్యం నుంచి ఇనాం దాకా ఏర్పాట్లు చేశారు. రాజులు, శిస్తులు, కులాల కట్టుబాట్లతో ఉన్న ఆ పద్ధతి మళ్ళీ రావాలని నేననడం లేదు. కానీ దాని స్థానంలో మనం పెట్టుకున్నది ఏమిటి? మీ ఊరి చెరువు కట్టని ఈ ఏడు ఎవరు చూశారో మీకు తెలుసా? నీటికైతే తెలుసు. అది రోజూ చూస్తూనే ఉంటుంది.