కొంగునాట దొరికే పాత కుండలు

తమిళనాట కొంగు ప్రాంతంలోని అవినాశి పరిసరాల్లో, నొయ్యల్ నది పరీవాహకంలో నేల దున్నినా, గుంత తవ్వినా పాత కుండలు బయటపడుతుంటాయి. విజయనగర, నాయకరాజుల కాలంలో ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగువారి కంటే ఆ కుండలు చాలా పాతవి. లంకెబిందెల ఆశతో తవ్వేవారికి ఎక్కువగా ఎదురయ్యేవి సమాధి కుండలే.

నిధికుండలూ లేకపోలేదు. 1842లో కోయంబత్తూరు దగ్గరి వెళ్ళలూరులో ఒక కుండలో 522 రోమన్ వెండి నాణేలు దొరికాయి. అవి ఎక్కువగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. సమాధి కుండ తీరు వేరు: దళసరి గోడలు, వెడల్పు మూతి, గుండ్రటి లేదా కోసుగా దిగిన అడుగు, లోపల ఎముకలు, చిన్న పాత్రలు, పూసలు. పైన నేలమీద రాళ్ళ వలయం కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. తెలుగునాట ఇలాంటి రాతికట్టడాలనే రాకాసి గుళ్ళంటారు.

ఇనుపయుగపు పాత్రకు ముఖ్యమైన గుర్తు రంగు: లోపలా, మూతి అంచునా నలుపు, బయట ఎరుపు. పాత్రను బోర్లించి కాలిస్తే గాలి అందని లోపలి భాగం నల్లబడుతుంది, గాలి తగిలిన బయటి భాగం ఎర్రబడుతుంది. 1985 నుంచి తంజావూరు తమిళ విశ్వవిద్యాలయం తవ్వకాలు జరిపిన, నొయ్యల్ ఒడ్డునున్న కొడుమణల్‌లో ఇలాంటి పెంకులు విరివిగా దొరికాయి. కొన్నింటిపై గీతల గుర్తులూ, తమిళ బ్రాహ్మీలో పేర్లూ ఉన్నాయి. కాల్చిన తరువాత గీసిన గీత అంచులు గరుకుగా ఉంటాయి. పచ్చిమట్టి మీద గీసినదైతే నున్నగా ఉంటుంది.

ఎర్రటి పూత కింద తెల్లని గీతలున్న పాత్రలు ఈ ప్రాంతంలో ఎక్కువ. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఇలాంటి వాటిని ఆంధ్ర పాత్రలన్నాడు. ఇవి తమిళనాట కూడా విస్తారంగా దొరకడంతో ఆ పేరు నిలవలేదు. పళ్ళెం లోపలి అడుగున వరుస చుక్కల వలయాలుంటే అది సముద్ర వర్తకపు కాలానిది.

అసలు చిక్కు దొరికిన కుండను కడగడంతో వస్తుంది. కుండలోని మట్టిలోనే బొగ్గు, గింజలు, ఎముక ముక్కలు ఉంటాయి. ఆ మట్టి పోతే కుండ వయసు తేల్చే ఆధారమూ పోతుంది. ఎంత లోతున, ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్నదీ అంతే ముఖ్యం. ఇక దొరికింది నిధికుండే అయితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి.