అమెరికా విద్యానిధియు పన్ను విధియు

మన సంఘ బాంధవులలో పెక్కురు నేడు అమెరికాలో కాపురముండి, బిడ్డల కళాశాలా విద్యకై "529" అను పేరుగల నిధులలో ధనము కూడబెట్టుచున్నారు. ఆ ధనమును తీయునపుడు పన్ను ఎందులకు కలుగును, ఎందులకు కలుగదు అను విషయము ఆ నిధుల చరిత్రవలననే చక్కగా బోధపడునని తలంచి మేమీ వ్యాసము వ్రాయుచున్నారము.

1986లో మిషిగన్ రాష్ట్రము, తల్లిదండ్రులు ముందుగా సొమ్ము చెల్లించినచో పిమ్మట బిడ్డకు కళాశాలా విద్య లభించునట్లు ఒక నిధిని శాసనముచే నేర్పరచెను. ఆ నిధి గడించిన ఆదాయముపై కేంద్రప్రభుత్వము పన్ను కోరగా వ్యాజ్యము నడచి, 1994లో అప్పీలు న్యాయస్థానము రాష్ట్రపక్షమున తీర్పు చెప్పెను. 1996లో అమెరికా కాంగ్రెసు ఆదాయపు పన్ను చట్టమున 529వ సెక్షనును చేర్చెను. నిధుల పేరు దాననే వచ్చినది. అప్పుడు నిధిలోనున్నంతకాలము వృద్ధికి పన్ను లేదు. తీసిననాడు మాత్రము వృద్ధిభాగముపై పన్ను చెల్లింపవలసియుండెను. 2001 నాటి చట్టము, విద్యకు వినియోగించినచో ఆ పన్నును గూడ 2002 నుండి తొలగించెను. 2010తో ముగియవలసిన ఆ సదుపాయమును 2006లో శాశ్వత మొనర్చిరి.

ఇందలి సూక్ష్మ మొక్కటియే. మూలధనము పన్ను చెల్లించిన పిమ్మట నిలువచేసినది. కావున దానిపై మరల కేంద్రపు పన్ను లేదు. విచారమంతయు వృద్ధిని గూర్చియే. తీసిన ప్రతి మొత్తమునందును ఈ రెండును దామాషాగా కలిసియుండును. ఖాతాలో 60,000 డాలర్లు మూలమును, 40,000 వృద్ధియు నున్నచో, 10,000 తీసినవారికి అందు 4,000 వృద్ధిగా లెక్కకు వచ్చును. ఫీజులు, గ్రంథములు, కంప్యూటరు, కనీసము సగము పాఠ్యక్రమము చదువువారి భోజనవసతులు - వీనికి వెచ్చించినచో పన్ను లేదు. ప్రయాణమునకో, వివాహమునకో వెచ్చించినచో ఆ 4,000 ఆదాయములో చేరుటయేగాక, నూటికి 10 వంతున 400 డాలర్లు అదనముగా చెల్లింపవలెను. బిడ్డకు స్కాలర్‌షిప్పు వచ్చినచో ఆ మేరకు ఈ అదనపు పన్ను లేదు. ఆదాయపు పన్ను మాత్రము తప్పదు.

2017 చట్టము పాఠశాల ఫీజులకును, 2019 చట్టము విద్యార్థి జీవితకాలమున 10,000 డాలర్లకు మించని విద్యారుణములకును ఈ సదుపాయమును విస్తరింపజేసెను.

బిడ్డను స్వదేశమున చదివింపనెంచువారు, ఆ కళాశాల అమెరికా విద్యాశాఖవారి విద్యార్థిసహాయ పథకములలో చేరినదో లేదో ముందుగా విచారింపవలెను. చేరనిచో అచటి ఫీజులకు ఈ మినహాయింపు వర్తింపదు. ఏ యేటి వ్యయమునకు ఆ యేటనే సొమ్ము తీయుటయు, రసీదులు భద్రపరచుటయు క్షేమము. రాష్ట్రముల పన్ను నియమములు వేరుగా నుండును. విద్యకై కూర్చినది విద్యకే చెందవలెనన్నదే ఈ చట్టముయొక్క హృదయమని మా బాంధవులు గ్రహింతురుగాక.