పాట పిలిస్తే అశోక్‌నగర్ రోడ్డెక్కిందా?

"ఈ పాటలే పోరగాళ్లను చెడగొడుతున్నయి" అనే డైలాగ్ మీ ఇంట్లో కూడా వినే ఉంటారు. డీజే పాటైనా, ర్యాప్ అయినా అదే తిట్టు. నాకు మాత్రం ఆ మాట వినగానే చిక్కడపల్లి గుర్తొస్తది. పాట నిజంగానే కుర్రాళ్లను కదిలించిన ఏరియా అది.

2009 డిసెంబర్ 9 రాత్రి, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్రం ప్రకటించింది. 23న మాట మార్చింది. అశోక్‌నగర్ ఇరుకు రూముల్లో, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివేవాళ్లకు ఇది కరెంట్ అఫైర్స్ బిట్ కాదు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నారు కదా, ఆ మూడోది వీళ్లదే.

అప్పటికే ఊరూరా ధూంధాంలు నడుస్తున్నాయి. రసమయి బాలకిషన్, విమలక్క, గోరటి వెంకన్న, గద్దరన్న... డప్పు, గజ్జెలు, గొంగడి. ఇక్కడ నేను పదాల కంటే పాడే పద్ధతినే ఎక్కువ చూస్తా. పాడేవాళ్లు ఒక ముక్క అంటారు, తర్వాతిది జనం అందుకోవాలి. అదే చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. అక్కడ కూర్చుని వింటాం, చప్పట్లు కొడతాం. ధూంధాంలో అట్ల కుదరదు. ఒక్కసారి కోరస్ అందుకున్నవంటే నువ్వు గుంపులో కలిసిపోయినట్టే.

గద్దరన్న కూడా ఇంజినీరింగ్ మధ్యలో వదిలేసినవారే. (నేను పూర్తి చేసి వదిలా, అంతే తేడా!) 2011లో 'జై బోలో తెలంగాణ' సినిమాకి ఆయన రాసి పాడిన పాట ఫోన్లలోకి ఎక్కింది. సభకు పోనివాడి జేబులోకి కూడా కోరస్ వచ్చేసింది.

ఆ ఏడాదే మార్చి 10న మిలియన్ మార్చ్. అశోక్‌నగర్ నుంచి ట్యాంక్‌బండ్‌కి నడిచి పోవచ్చు. పోలీసులు దారులు మూసినా జనం చేరారు. విగ్రహాలూ కూల్చారు. జనాన్ని కూడగట్టిన క్రెడిట్ పాటకిస్తే, ఇది ఎవరి ఖాతాలో రాయాలి? పాటే కోపం పుట్టించిందంటే నేనొప్పుకోను. పక్క రూమోడికీ అదే కోపం ఉందని పాట వల్ల తెలిసింది. తెలిశాక ఏం చేస్తారన్నది పాట చేతిలో లేదు.

2024 జూన్ 2న అందెశ్రీ పాట అధికారికంగా రాష్ట్ర గీతమైంది. ఇంకో నెలకే, జూలైలో, గ్రూప్-2 వాయిదా వెయ్యాలని అశోక్‌నగర్ మళ్లీ అర్ధరాత్రి రోడ్డు మీదికొచ్చింది. అక్టోబర్‌లో గ్రూప్-1 వాళ్లు. ఆ కథ ఇంకో ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటా మరి.